మార్కండేయులి చెంబు

మూలికావైద్యం నేర్పే అనంతమ్మగారు ఎవరేమడిగినా కూర్చుని జవాబు చెప్పేవారు కాదు. చెప్పులు తొడుక్కుని, "పద, చూసొద్దాం" అనేవారు.

ఒకనాడు శిష్యుడు నరహరి మొహం వేలాడేసుకుని వచ్చి, "అమ్మగారూ, మందు వద్దన్నవాళ్లను ఏం చేయాలి? బలవంతం చేయాలా, వదిలేయాలా?" అని అడిగాడు.

సంగతేమిటంటే, నేతపేటలో దోమకాటు జ్వరాలు ముదిరాయి. వావిలాకు నూరి, వడగట్టిన రసం నిలవనీళ్లలో పోస్తే, అందులోని పురుగులు దోమలు కాకముందే చచ్చిపోతాయి. నరహరి ఇంటింటా వాడుకనీళ్ల తొట్లలో పోసుకుంటూ వెళ్లి, నాగరత్నం ఇంట్లో ఆగిపోయాడు. ఆమె కొడుకు ఆ జ్వరంతోనే పోయాడు. మనిషి పోయినచోట దీపం పెట్టి, పక్కన చెంబుతో నీళ్లుంచడం మన ఇళ్లలో ఉన్నదే కదా. దినం అయ్యేదాకా తీయరు. ఆ చెంబులో పురుగులు తోకలాడిస్తున్నాయి.

"అవి మా మార్కండేయులి నీళ్లు. చేదు కలిపితే వాడెలా తాగుతాడు బాబూ?" అందామె. నరహరికి చెయ్యి రాలేదు. ఆమె కూతురు ఆ చెంబు పక్కనే చాప మీద ఆడుకుంటోంది. ఆ మాట అప్పుడే గురువుగారికి చెప్పడానికి మొహం చెల్లక, మూడు రోజులు నానబెట్టాడు.

అంతా విని అనంతమ్మగారు బయల్దేరారు. నరహరి రసం గిన్నె తీసుకోబోతే వద్దన్నారు. నాగరత్నం పక్కన కూర్చుని, "పిల్లవాడు నిలవనీళ్లు తాగేవాడా అమ్మా?" అని అడిగారు.

"రామ రామ! బిందె దించగానే ముంచుకునేవాడు. నిన్నటి నీళ్లిస్తే పెద్ద దొరలాగా నన్ను తిట్టిపోసేవాడు" అంటూ నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూనే లేచి, చెంబు పెరట్లో పొడిమట్టి మీద పారబోసి, తోమి, కొత్తనీళ్లు పట్టి తెచ్చింది. "రోజూ మారుస్తానురా నాయనా" అంది దీపంకేసి చూస్తూ.

అప్పుడు అనంతమ్మగారు చాప మీద పడుకున్న పిల్ల నుదుటి మీద చెయ్యి వేశారు. వేసిన చెయ్యి తీయలేదు.

"ఎప్పట్నుంచి?"

"రాత్రి నుంచీ కాస్త వెచ్చగా ఉందండీ."

తల్లినీ పిల్లనూ ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి పంపారు. ఆటో మలుపు తిరిగాక నరహరి నెమ్మదిగా, "నేనూ మర్యాదగానే అడిగాను అమ్మగారూ" అన్నాడు.

"ఏమని?"

"రసం పోయనా అని."

"అదొక్కటే అడిగావు" అన్నారు అనంతమ్మగారు.