తెల్లచీర ఎదురొచ్చింది

అనగనగా ఒక ఊళ్ళో ఒక పొడుగాటి వీధి. చిట్టితల్లీ, కాళ్ళు ముడుచుకో, దుప్పటి కప్పుకో, ఊఁ కొట్టు. నువ్వు ఊఁ కొట్టకపోతే ఆ వీధి అక్కడే ఆగిపోతుంది, మనకి బస్టాపు రాదు.

ఆ వీధి మధ్యలో కుందన అని ఒక పిల్ల ఉండేది. నీకంటే జానెడు పొడుగు. అల్లరిలో మాత్రం నీకంటే కొంచెం తక్కువే. ఖోఖోలో దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఆదివారం ఆదివారం బస్సెక్కి పక్క ఊరి బడికి ఆట నేర్చుకోవడానికి వెళ్ళేది. బాగా ఆడినవాళ్ళని జట్టులోకి తీసుకుంటామన్నారు. ఆ జట్టు మీద కుందనకి ఎంత ఆశంటే, నిద్దట్లో కూడా మంచం చుట్టూ పరిగెత్తేది.

వాళ్ళ అమ్మా నాన్నా తెల్లారకుండానే పొలానికి పోయేవారు. ఇంట్లో నాన్నమ్మ రత్తమ్మ ఉండేది. తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. నాన్నమ్మ వంటింట్లోనే టిఫిను డబ్బా చేతికిచ్చి "వెళ్ళిరా తల్లీ" అనేది. వీధి గుమ్మం దాకా మాత్రం వచ్చేది కాదు. ఎందుకు రావని కుందన ఎప్పుడూ అడగలేదు. డబ్బాలో ఏముందని మాత్రం ప్రతిసారీ అడిగేది.

ఒక ఆదివారం కుందన గేటు తీసి వీధిలోకి వచ్చింది. అప్పుడు బస్టాపు వైపు నుంచి ఒకావిడ ఎదురొచ్చింది. నీలిమందు పెట్టి, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచీర. నుదుట బొట్టు లేదు. చేతులకి గాజుల్లేవు. వీధికి ఆ వైపు చివరింట్లోకి కొత్తగా వచ్చిందట. పేరు ఎస్తేరమ్మ. వారమంతా చీకటితో జీడిపప్పు బట్టీకి వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చేది. అందుకని ఆవిడ రంగుల చీరలు ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

కుందన ఆగిపోయింది. అలాంటివాళ్ళు ఎదురొస్తే పని చెడుతుందనీ, వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలనీ నాన్నమ్మ చెప్పింది కదా! చటుక్కున వెనక్కి తిరిగింది.

"ఏమ్మా, ఏమైనా మర్చిపోయావా?" అంది ఎస్తేరమ్మ నవ్వుతూ.

"గొడుగు" అంది కుందన. చూస్తే ఎండా లేదు, వానా లేదు!

లోపలికెళ్ళి పీట మీద కూర్చుంది. నీళ్ళు తాగుతోంది. అంతలో వీధి అవతలి చివరున్న చర్చి మైకులోంచి పాట మొదలైంది. ఎంత మంచి గొంతనుకున్నావు! నాన్నమ్మ గరిటె పట్టుకునే ఆగిపోయి, "ఎవరోగాని తల్లీ, కంచుగొంతు" అంది.

ఆ తర్వాత కుందన పరిగెత్తింది. బస్సు పోనే పోయింది. ఇంకో బస్సు పట్టుకుని ఆలస్యంగా వెళితే మాస్టారు తిట్టారు.

"చూశావా, ఆవిడ ఎదురైంది కాబట్టే తిట్లు" అంది నాన్నమ్మ. బుద్ధిగా వెళుతున్న పిల్లని పీట మీద కూర్చోబెట్టిందెవరో అడగాలి కదా? కుందన అడగలేదు.

తర్వాతి ఆదివారం కూడా అంతే. తెల్లచీర ఎదురొచ్చింది. పిల్ల వెనక్కి తిరిగింది.

"ఈసారి ఏం మర్చిపోయావమ్మా?"

"రుమాలు."

మళ్ళీ పీట, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ మైకులో ఆ తియ్యటి గొంతు. మళ్ళీ తిట్లు. "ఇంకోసారి ఆలస్యమైతే జట్టు మాట మర్చిపో" అన్నారు మాస్టారు.

ఊఁ కొట్టవేం? నిద్రపోయావా? ఆఁ, అలా కొట్టు.

మూడో ఆదివారం ఎస్తేరమ్మ పెందలాడే వచ్చి కుందన వాళ్ళ గేటు ముందే నిలబడింది. ఒక చేతిలో గొడుగు. ఇంకో చేతిలో మడత పెట్టిన కొత్త రుమాలు.

"ఇదిగోనమ్మా గొడుగు, ఇదిగో రుమాలు. పాపం, వారం వారం మర్చిపోతున్నావు, బస్సు పోతోంది. ఇవాళ ఏది మర్చిపోయినా నా దగ్గరుంది, వెనక్కి పోకు" అంది.

కుందన చేతులు చాచలేక, ముడవలేక నిలబడింది. అప్పుడు వంటింట్లోంచి నాన్నమ్మ కేక వినపడింది.

"ఏమే, మళ్ళీ ఆ తెల్లచీరావిడే ఎదురైందా? రా, వచ్చి నీళ్ళు తాగి పో!"

అయ్యయ్యో! కుందనకి సిగ్గు మెడ మీంచి చెవుల్లోకి ఎక్కింది. ఖోఖోలో ఎవరికీ చిక్కని పిల్ల, సిగ్గుకి మాత్రం చిక్కిపోయింది. తల ఎత్తలేదు. ఎస్తేరమ్మ చెప్పులే కనపడుతున్నాయి. అవి కాస్త వెనక్కి జరిగాయి.

"ఓహో, నీళ్ళు తాగడానికా అమ్మా నువ్వు వెళ్ళేది" అంది ఆవిడ, మెల్లగా.

"అది కాదు పిన్నిగారూ... తెల్లచీర కదా అని... మీవారు లేరేమో అని..."

"ఆదివారం మేం గుడికి తెల్లది కట్టుకుని వెళతామమ్మా. దేవుడి ముందు మనసు ఇలా ఉండాలని గుర్తుకి. వారమంతా జీడి మరకలే కదా, ఈ ఒక్క పూట తెల్లగా ఉంటే నాకు పండగలా ఉంటుంది. మా ఆయన నిక్షేపంగా ఉన్నారు. రాత్రంతా కాపలా కాసి వచ్చి గుర్రుపెడుతున్నారు. పోనీ, లేరే అనుకో. అప్పుడు నేను ఏ వీధిలోంచి పోవాలి తల్లీ?"

చిట్టితల్లీ, ఆవిడ ఏ వీధిలోంచి పోవాలి? నువ్వు చెప్పు.

ఎస్తేరమ్మ గొడుగు, రుమాలు గేటుకి తగిలించి వెళ్ళిపోయింది. కుందన నీళ్ళు తాగలేదు. గొడుగు చంకలో పెట్టుకుని బస్సెక్కింది. వాన చినుకైనా పడలేదు. అయినా ఆ గొడుగు రాయిలా బరువుగా ఉంది.

ఆ వారమంతా నాన్నమ్మకి ఆ సంగతి చెప్పబోయి, ఇవాళ కూరేమిటని అడిగేసేది.

ఆ తర్వాత జట్టుకి పిల్లల్ని ఎంచే ఆదివారం వచ్చింది. కుందన గేటు తీసింది. వీధంతా ఖాళీ.

"ఎవరూ ఎదురు లేరుగా? వెళ్ళిరా" అంది వంటింట్లోంచి నాన్నమ్మ.

కుందన నడిచింది. గొడుగు ఇచ్చేద్దామని చివరింటి దగ్గర ఆగింది. అప్పుడు మైకులో పాట మొదలైంది. కానీ ఆ గొంతు కాదు! నూనె లేని తలుపులా కిర్రుకిర్రుమంటోంది. ఏమైంది ఆ కంచుగొంతుకి అనుకుంటూ తలుపు వైపు చూసింది.

తలుపు సందులోంచి తెల్లచీర అంచు కనపడింది. తలుపు వెనక ఎస్తేరమ్మ నిలబడి ఉంది. చంకలో పాటల పుస్తకం.

"ఆ పాడేది మీరేనా పిన్నిగారూ? మరి ఇక్కడున్నారేం?"

"ఇవాళ నీకు పెద్దరోజని విన్నాను. నువ్వు బస్సెక్కాక వెళదామని" అంది ఆవిడ, తప్పు చేసినట్టు.

కుందనకి కళ్ళు మండాయి. తన కోసం ఒక మనిషి తలుపు వెనక దాక్కుంది! అప్పుడు ఇంకో తలుపు గుర్తొచ్చింది. వంటింటి తలుపు. దాని వెనక ఎన్నేళ్ళుగా ఎవరు నిలబడుతున్నారో గుర్తొచ్చింది. ఇంత సిగ్గు ఒక్క పిల్లలో ఎలా పట్టిందో ఏమో!

"పిన్నిగారూ, రండి. నాకు ఎదురు రండి" అని గొడుగు ఆవిడ చేతిలో పెట్టి, ఇంటికి ఒకటే పరుగు.

"ఏమే, ఏం మర్చిపోయావు?" అంది నాన్నమ్మ.

"నిన్నే మర్చిపోయాను. గుమ్మంలోకి రా, నన్ను సాగనంపు."

నాన్నమ్మ పిండి చేతులు వెనక్కి లాక్కుంది. "వద్దే. పెద్ద పని మీద పోతూ నా మొహం చూడకూడదు."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ఎవరూ అనే పని లేకుండా నేనే లోపలుంటున్నాను" అంది నాన్నమ్మ నేల చూస్తూ.

కుందన ఆ పిండి చెయ్యే పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చింది. అంతలో ఎస్తేరమ్మ గబగబా వస్తోంది.

"నాన్నమ్మా, ఆ కంచుగొంతు ఈవిడదే. మనం ఈవిడ పాట వింటూనే నీళ్ళు తాగాం."

నాన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చకచకా లోపలికెళ్ళింది. గ్లాసు నిండా మంచినీళ్ళు తెచ్చి ఎస్తేరమ్మ చేతికిచ్చింది.

"తాగమ్మా. గొంతు తడుపుకుని పాడు. ఆ కిర్రుకిర్రు వినలేకపోతున్నాం."

"మరి పిల్ల తాగక్కర్లేదా?" అంది ఎస్తేరమ్మ, కొంటెగా.

"దానికి బస్సు పోతుంది!" అని నాన్నమ్మ కుందన వీపు మీద ఒక్కటిచ్చింది. పిండి చేతి ముద్ర పడింది.

కుందన పరుగో పరుగు. బస్సు కదిలింది. అయినా పట్టుకుంది. కదిలే బస్సు ఎక్కిన పిల్లని మాస్టారు జట్టులోకి తీసుకోకుండా ఉంటారా? నువ్వు మాత్రం కదిలే బస్సు ఎక్కావంటే చెవి మెలిపెడతాను. బస్సు మలుపు తిరిగేలోగా మైకులో ఆ గొంతు వినపడింది.

ఏమిటీ, కుందన సిగ్గు పోయిందా అనా? మొత్తం పోలేదమ్మా. కొంచెం దాచుకుంది. ఆ తర్వాత ఎవరైనా తలుపు చాటున కనపడితే ఆ కాస్త సిగ్గే చెయ్యి పట్టుకుని ఆపేది. ఆగి, వాళ్ళని పిలిచాకే గడప దాటేది.

తెల్లచీర ఎదురొచ్చింది,
పిండి చెయ్యి తోడొచ్చింది,
గ్లాసు నీళ్ళు చేతికొచ్చి
పాట మళ్ళీ గొంతుకొచ్చింది.
కంచి బస్సు కదిలొచ్చింది,
కథ దానెక్కి వెళ్ళిపోయింది.
మనకి ఇల్లు ఇక్కడే ఉంది,
మా చిట్టితల్లికి నిద్దరొచ్చింది.