మూడో మలుపులో కనబడని గుడి

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో ఇప్పుడు గట్టిగా చెప్పలేను. వరుస తప్పితే మన్నించండి. శిష్యుడు అడిగిన ప్రశ్న మాత్రం ఇదీ: "చెప్పేది నిజమైతే చాలదా, గురువుగారూ?"

గురువు చిదంబరయ్యగారు గద్దగుండు కొండ మీది మఠంలో ఉండేవారు. శిష్యుడు నిరంజన్ యాత్రికుల కోసం ఫోనులో ఒక ఏర్పాటు చేశాడు. కొండదారిలో మనం ఎక్కడ నిలబడితే అక్కడి సంగతి ఫోనే పలుకుతుంది. మూడో మలుపులో అది తప్పు చెబుతోందని ఎవరో అన్నారట. ఫోను చెప్పే గుడి సరిగ్గా ఆ దిక్కునే ఉందని పటం తెరిచి చూపించి, అతను ఆ ప్రశ్న అడిగాడు. గురువుగారు చేతికర్ర తీసుకుని దారి దిగారు. వెంట అతను, వెనక నేనూ, మా చెల్లెలి కూతురు సుభాషిణీ.

మలుపు దగ్గర బాలాత్రిపురమ్మ అనే పెద్దావిడ, ఆవిడ కోడలు నిలబడి ఉన్నారు. "మీ ఎదురుగా మూడు శిఖరాల గుడి కనిపిస్తుంది. దాన్ని చూస్తూ నడవండి" అంది ఫోను. ఎదురుగా రాతిగుట్ట తప్ప ఏమీ లేదు. కోడలు ఫోనులోంచి తలెత్తకుండానే, మొన్ననేగా శుక్లాలు తీయించాం, అంత గుడి కనబడకపోవడమేమిటత్తయ్యా అంది. పెద్దావిడ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. కనబడుతోందిలే అమ్మా అంది, బాగా మెల్లగా.

అన్న మాట నిజం చేసుకోవాలనేమో, గుట్ట పక్కనుంచి తొంగిచూడటానికి దారి అంచుకు జరిగింది. కాలికింద గులకరాళ్లు లోయలోకి జారాయి. గురువుగారు కర్ర అడ్డం పెట్టి ఆవిడ భుజం పట్టుకున్నారు. మందలించలేదు. పక్కనే నిలబడి, ఆవిడ చూస్తున్న వైపే చాలాసేపు చూశారు.

"నాకూ కనబడటం లేదమ్మా" అన్నారు.

ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. కోడలు అప్పుడు తలెత్తి కొండను చూసింది.

నిరంజన్ ఆ తర్వాత కొండ ఎత్తుపల్లాల పటం కంప్యూటరులో పెట్టి, ఏ మలుపులో నిలబడితే ఏది కంటికి ఆనుతుందో, దేన్ని ఏ గుట్ట మూసేస్తుందో లెక్క కట్టించాడు. అది చాలక తనే ప్రతి మలుపుకూ నడిచి, పొట్టివాళ్ల ఎత్తుకు వంగి కూడా చూశాడు. కనబడే చోట్ల కంటికి ఆనేదే చెప్పేలా మాటలు మార్చాడు. కనబడని చోట్ల ఫోను ఊరుకునేలా చేశాడు. గురువుగారు విని, ఊరుకుంటే ఆవిడ మళ్లీ ఏమనుకుంటుంది అన్నారు. అయితే అక్కడ ఏం చెప్పమంటారని అతను అడిగాడు.

సుభాషిణీ, ఆ రోజు నువ్వూ ఉన్నావు కదా, ఇది చదివి పేర్లు ఒకసారి సరిచూడు. ఆవిడ బాలాత్రిపురమ్మో, త్రిపురసుందరమ్మో నాకు నమ్మకం చాలడం లేదు. ఈ చివరి మాట మాత్రం దిద్దకు.

"ఇక్కడినుంచి ఎవరికీ కనబడదని చెప్పు" అన్నారు గురువుగారు.