కదలని గెడ

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసేచోట, గవ్వలపేట అనే బెస్తపల్లెలో, ఏ పనిమీదా పట్టుమని పది నిమిషాలు నిలవలేని లోవరాజు అనేవాడు ఉండేవాడు. అన్నం సగం తిని లేచేవాడు. వల సగం కుట్టి వదిలేసేవాడు. కూర్చున్నా కాళ్ళు ఆడిస్తూనే ఉండేవాడు.

అలాంటివాడికి ఊరు అప్పగించిన పని చూడండి! అక్కడి మొగలో, అంటే పాయ సముద్రంలో పడే ముఖంలో, ఇసుక మేటలు ఒక్కచోట ఉండవు. ప్రతి అమావాస్యకీ, పున్నమికీ పెద్ద పోటు వచ్చి వాటిని జరిపేస్తుంది. అందుకని పోటు తీశాక ఒకరు పడవమీద వెళ్ళి, అడుగడుక్కీ లోతు చూసి, లోతైన దారికి రెండు వైపులా తాటాకు కుచ్చు కట్టిన గెడలు పాతాలి. బోట్లన్నీ ఆ గెడల మధ్య నుంచే వస్తాయి. తాతా తండ్రీ చేసిన పని కాబట్టి అది లోవరాజుకి వచ్చింది.

ఆ కార్తీక అమావాస్య మర్నాడు లోవరాజు పడవ తీశాడు. కిందటి పున్నమికి పాతిన గెడల్లో ఒకదాన్ని పట్టుకుని ఊపాడు. కదల్లేదు. రెండోదాన్ని ఊపాడు. అదీ కదల్లేదు. "గెడలు గట్టిగా ఉన్నాయంటే మొగ ఎక్కడిదక్కడే ఉన్నట్టు" అనుకుని వెనక్కి వచ్చేశాడు. లోతు చూడనే లేదు.

ఒడ్డున పీతలు పడుతున్న ముసలి కాసులమ్మ అతన్ని ఆపింది.

"ఒరే లోవరాజూ, నీ గెడల మజ్జిని కొంగలు మోకాలి లోతులో నిలబడ్డాయిరా. ఉత్తరం పక్క మాత్రం ఒక్కటీ వాలట్లేదు. ఓసారి చూసి రాకూడదా?"

"కొంగలనడిగి బోట్లు నడపమంటావేటి పిన్నీ?" అని నవ్వి, లోవరాజు అప్పటికే నాలుగడుగులు ముందుకు వెళ్ళిపోయాడు.

మూడోనాడు పొద్దున గాలి మారింది. దూరాన లంగరు వేసుకున్న ఓడల ముక్కులన్నీ ఒక్కసారిగా తూర్పుకి తిరిగాయి. కొంగలు ఎటో వెళ్ళిపోయాయి. వేటకి వెళ్ళిన మూడు బోట్లు తుపానుకి భయపడి ఇంటిదారి పట్టాయి. ముందున్నది లోవరాజు అన్న భైరవస్వామి బోటు.

అది తిన్నగా గెడల మధ్యకి వచ్చింది. వచ్చి, ఠక్కున ఆగిపోయింది. అడుగు ఇసుకలో దిగబడింది. వెనకనుంచి వచ్చిన కెరటం దాన్ని పక్కకి పడేసింది. తర్వాతి కెరటానికి చెక్కలు విడిపోయాయి. నలుగురు మనుషులు నీళ్ళలో పడి, చేతికందిన గెడను వాటేసుకున్నారు.

ఒడ్డునుంచి ఇదంతా చూసిన లోవరాజు నీళ్ళవైపు పరిగెత్తాడు. పడవ తోసుకుని అన్న దగ్గరికి తెడ్డు వేశాడు. కానీ భైరవస్వామి చెయ్యి ఊపుతూ అరిచాడు.

"నా కాడికి రాకురా! ఎనక రెండు బోట్లున్నాయి. ముందు ఆళ్ళకి దారి చూపించు!"

దారి ఎక్కడుందో లోవరాజుకి తెలిస్తేగా! అప్పుడు కాసులమ్మ మాట గుర్తొచ్చింది. కొంగలు వాలని ఉత్తరం పక్కకి వెళ్ళి గెడ దించాడు. రెండు నిలువుల లోతు! కానీ ఆ లోతులో గెడ పాతే వీలు లేదు. అందుకని అక్కడే లంగరు వేసి, పడవలో ఉన్న కుచ్చు గెడను రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. కెరటాలు నెత్తిమీద విరిగాయి. భుజాలు పీకాయి. గెడను వాటేసుకున్న అన్నవైపు చూస్తూ ఏడ్చాడు. అయినా చెయ్యి దించలేదు. రెండు బోట్లూ తన పక్కనుంచే లోపలికి వెళ్ళేదాకా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, లోవరాజు ఉన్నచోటు నుంచి కదల్లేదు.

ఆ తర్వాతే వెళ్ళి అన్ననీ, ముగ్గురు కళాసీలనీ పడవలోకి లాగాడు. ప్రాణాలు దక్కాయి. భైరవస్వామి పదేళ్ళు కష్టపడి కట్టించుకున్న బోటు మాత్రం దక్కలేదు.

"గెడ గట్టిగా ఉంది, నిజమేరా తమ్ముడూ. నలుగురం ఊగినా కదల్లేదు. దాని మొదట్లో నడుం లోతు ఇసుక పేరుకుంటే ఇంకెలా కదులుద్ది?" అన్నాడు భైరవస్వామి.

 మర్నాటి నుంచి లోతు చూడకుండా లోవరాజు ఒక్క గెడా పాతలేదు.

నీతి: మనం పెట్టిన గుర్తును నమ్మి పదిమంది ప్రయాణం చేస్తున్నప్పుడు, తొందరపడి పైపైన చూసి వదిలేయకూడదు, ఓపికగా అడుగుదాకా చూడాలి.