సొన్నమ్మ కడిగిన గుర్రం కాళ్ళు

ఇటు తిరిగి పడుకో. దుప్పటి తన్నెయ్యకు, చలిగా ఉంది. ఆఁ, ఊఁ కొట్టాలి మరి.

అనగా అనగా అనగా, కొండల మీద ఒక ఊళ్ళో సొన్నమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా మబ్బు అనే బూడిదరంగు గుర్రం. పసుపు బస్తాలు, మిరియాల మూటలు వీపున మోసుకుని అది సంతకి దిగేది, మళ్ళీ కొండెక్కేది. ఆ దారిలో బండి నడవదు మరి.

ఆ ఊళ్ళో ఇంటికి ఎవరొచ్చినా ముందు కాళ్ళకి నీళ్ళిస్తారు. సొన్నమ్మ తన గుర్రానికీ ఇచ్చేది! సాయంత్రం రాగానే బిందెడు నీళ్ళు పోసి, పీచుతో తోమి, "అలిసిపోయావా నా తండ్రీ" అనేది.

ఆ ఏడు చలికాలంలో ముసురు పట్టింది. దారంతా బురదే. అప్పుడు మబ్బు గిట్టల పైన చర్మం ఎర్రబడింది. "అయ్యో, దీని ఒంటికి బురద పడలేదు" అనుకుని సొన్నమ్మ రోజుకి రెండుసార్లు కడిగింది. ఆ తర్వాత చర్మం పగిలి రసి కారింది. అప్పుడు మూడుసార్లు కడిగింది. ఆ తర్వాత చెక్కులు కట్టి కాళ్ళు వాచాయి. వేణ్ణీళ్ళు కాచి ఇంకా గట్టిగా తోమింది. పిచ్చితల్లి! తెలిసి చేసిందా ఏమన్నా?

ఒకనాడు పొద్దున మబ్బు అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయింది. "ఇదింక నడవదు, అడవిలో వదిలెయ్" అన్నారు ఊళ్ళోవాళ్ళు. సొన్నమ్మ ససేమిరా అంది. వదిలేస్తే ఆ చలికి అది బతుకుతుందా? అది పోతే ఈవిడకెవరున్నారు?

అప్పుడు బొంజు తాత వచ్చాడు. వయసులో ఉండగా పది గుర్రాలు తోలినాయన. వంగి కాలు పట్టుకుని చూశాడు.

"రోజూ కడుగుతున్నావా అమ్మా?"

"కడక్కుండా ఉంటానా మావయ్యా? ముప్పూటలా కడుగుతున్నా."

"అదేనమ్మా దీని జబ్బు. తడి ఆరనిస్తేగా! నానిపోయిన తోలు పగలక ఏం చేస్తుంది?"

సొన్నమ్మ అక్కడే కూలబడింది. "నా చేతుల్తో నేనే చేశానా" అని భోరుమంది. తాత తిట్టలేదు. "ప్రేమతోనే చేశావులే, లేమ్మా" అన్నాడు.

అప్పుడు సొన్నమ్మ పాకలో బూడిద చల్లి, ఎండుగడ్డి మందంగా పరిచింది. బురద అంటితే దాన్ని ఆరనిచ్చి, గడ్డిచుట్టతో మెల్లగా దులిపింది. బాగా ఆరిన పగుళ్ళకి కానుగ నూనెలో పసుపు కలిపి రాసింది.

అన్నిటికన్నా కష్టం ఏంటో తెలుసా? సాయంత్రమయ్యేసరికి మబ్బు అలవాటుకొద్దీ బిందె వైపు కాలు చాపేది. సొన్నమ్మ మొహం తిప్పుకునేది. "వద్దురా నాన్నా, ఇవాళ వద్దు" అని కళ్ళు తుడుచుకునేది. పాపం, ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడమే ఆవిడకి బరువైపోయింది.

పది రోజులకి వాపు దిగింది. ఇరవై రోజులకి చెక్కులు రాలాయి. నెల తిరిగేసరికి మబ్బు ఖాళీ వీపుతో మెల్లగా కొండెక్కింది.

పైకెక్కాక సొన్నమ్మ దాని మెడ వాటేసుకుంది. "నిన్ను అంత బాధపెట్టింది నేనేరా" అని వెక్కివెక్కి ఏడ్చింది. గుర్రానికేం తెలుసు తల్లీ! దానికి లోకమంతా ఆవిడే. మూతి ఆవిడ భుజం మీద ఆనించి, కదలకుండా అలాగే నిలబడింది.

కథ వెళ్ళి కంచి చేరె,
మబ్బు వెళ్ళి పాక చేరె,
మా బుజ్జిదాని కళ్ళల్లో
నిద్దరొచ్చి చేరె.