మెత్తి చెప్పిన మాట

ఏడుకోనల అడవిలో ఏదుపందులు, ఉడుతలు, ముంగిసలు, నెమళ్లు కలిసిమెలిసి ఉండేవి. రోజూ తెల్లవారగానే అన్నీ పెద్ద బండ మీద చేరి సూర్యుడికి దండం పెట్టి పాటలు పాడేవి. పాట ఎత్తుకునేది ధర్మయ్య అనే కొండముచ్చు. గొంతు తేనెలా ఉండేది. బండ వెనక గుహలో అతను పిల్లలకు ఒక్కొక్కరికీ విడిగా పాటలు నేర్పేవాడు. అలాంటి గురువు దొరకడం తమ అదృష్టమని అందరూ మురిసిపోయేవారు.

ముళ్లమ్మ అనే ఏదుపందికి మెత్తి అనే కూతురు ఉంది. దాని ముళ్లు ఇంకా గట్టిపడలేదు. ఒకరోజు మెత్తి పాఠానికి వెళ్లనని మొండికేసింది. తల్లి కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, దుంపలు తినిపిస్తూ నెమ్మదిగా అడిగింది. పాట తప్పినప్పుడల్లా గురువుగారు తన ముళ్లు పీకుతున్నాడని మెత్తి చెప్పింది. వీపు మీద బోసిపోయిన చోటు చూపించింది.

"ఎవరికైనా చెబితే రేపు సూర్యుడు రాడన్నాడమ్మా" అంది భయంగా.

"చెప్పేశావుగా. వస్తాడో రాడో పొద్దున్నే ఇద్దరం చూద్దాం" అంది ముళ్లమ్మ.

మర్నాడు సూర్యుడు ఎప్పటిలాగే కొండ మీదికి వచ్చాడు. మెత్తి పకపకా నవ్వింది. ఇన్నాళ్ల భయం ఆ నవ్వుతోనే సగం పోయింది.

ముళ్లమ్మ బండకు పెద్ద అయిన నెమలి పింఛయ్య దగ్గరకు వెళ్లింది. తమ బండ పేరు చుట్టుపక్కల అడవులన్నిటా మోగుతోందని అతనికి మహా గర్వం. ఈ సంగతి బయటపడితే పరువు పోతుందన్నాడు. పిల్ల కల్పించి చెబుతోందేమో అన్నాడు. చివరికి గొంతు తగ్గించి, "గురువుగారిని చప్పుడు కాకుండా పక్క అడవికి పంపించేద్దాం. నువ్వు మాత్రం నోరు విప్పకు" అన్నాడు.

"పక్క అడవిలో మాత్రం పిల్లలు లేరా అయ్యా?" అంది ముళ్లమ్మ.

ఆమె తిన్నగా ఏనుగు గౌరమ్మ దగ్గరకు నడిచింది. అడవిలో ఎవరు ఎవరికి హాని చేసినా విచారించేది గౌరమ్మే. ఆమెకు బండతో ఏ సంబంధమూ లేదు. గౌరమ్మ పిల్లలను ఒక్కొక్కరినే, వాళ్ల అమ్మల పక్కన కూర్చోబెట్టి అడిగింది. ఉడుత పిల్ల వెంట్రుకలు ఊడిన తోక చూపించింది. ముంగిస పిల్ల వాచిన చెవి చూపించింది. మెత్తి మాట నిజమని తేలిపోయింది.

గౌరమ్మ మాట మీద ఆమె మందలోని ఏనుగులు ధర్మయ్యను పట్టుకెళ్లి, పిల్లలెవరూ లేని లోయలో కాపలా మధ్య ఉంచాయి. పింఛయ్య పెద్దరికం ఆ రోజుతో పోయింది. అతను అందరి ఎదుటా మెత్తి ముందు తలవంచి, "నిన్ను నమ్మకపోవడం నా తప్పు తల్లీ" అన్నాడు.

ఇక బండ మీద ప్రార్థన ఆగిపోతుందని కొందరు దిగులుపడ్డారు. ఏమీ ఆగలేదు. అందరూ ముళ్లమ్మనే పెద్దగా ఎన్నుకున్నారు. పాఠాలు ఆరుబయట, అమ్మానాన్నల కళ్లముందే సాగుతున్నాయి. ముళ్లమ్మది బొంగురు గొంతు. ఆమె పాట ఎత్తుకుంటే శ్రుతి ఎటో పోతుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఆమె కూడా నవ్వేసి, మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది.

నీతి: ఎంత గొప్ప గురువు మీదైనా సరే, పిల్లలు చెప్పిన మాటను పరువు కోసం దాచకూడదు, ఓపికగా విని, విచారించగలవారి ముందు పెట్టాలి.