గాడిద ముడి

ఆ అడవిలో ఎండలు ముదిరేసరికి మిగిలేది ఒక్క చెలమ. అందుకని అక్కడ నీళ్ళకు వంతులున్నాయి, వంతులకొక తీగ ఉంది. తీగ మీద జంతువుకొక ముడి. కొత్తగా వచ్చినవారికి పాతవారెవరైనా జామీను ఉండాలి, కొత్త ముడిని ఆ పాత ముడికే వేలాడగట్టాలి. ముడి లేనివారికి చుక్క నీరు దొరకదు. తీగను చూసుకునేది గిజిగాడు. ముళ్ళు వేయడంలో దాన్ని మించినవారు లేరు గనుక, ఎవరూ ఇవ్వకుండానే ఆ ఉద్యోగం దానికి వచ్చింది.

పెద్దరికం ఏనుగుది, దాని కింద పేష్కారు పని నక్కది. నక్క వంతు మిట్టమధ్యాహ్నం. అప్పటికి పందులు పొర్లి వెళ్ళిపోయి ఉంటాయి. ఆ గంజిలాంటి నీళ్ళు తాగి తాగి దానికి కడుపునొప్పి పట్టుకుంది. ఈ వేసవి గడుస్తుందన్న నమ్మకం పోయింది. తేట నీళ్ళు దొరికేది తెల్లవారి మొదటి వంతుకే, అదేమో గాడిదది. గాడిదకేం తెలుసు గంధపు వాసన అంటారు గానీ, ఎండిన ఇసుకలో నీటి వాసన పట్టాలంటే గాడిద తర్వాతే ఎవరైనా. ఆ చెలమను మొదట గిట్టతో తవ్వింది అదే. అయితే రెండేళ్ళ కిందట కొండ అవతల ఇటుక బట్టీలకు వెళ్ళింది, మళ్ళీ రాలేదు.

రానివాడి ముడి తీసేసి ఆ వంతు తనకిమ్మని నక్క విన్నవించుకుంది. న్యాయంగానే ఉంది, ముడి ఊడితే వంతు నీదే, అంది ఏనుగు.

నక్క వెళ్ళి లాగింది. రాలేదు.

"అది ఊడదు పేష్కారుగారూ," అంది గిజిగాడు. "దానికింద వేరేవాళ్ళ ముళ్ళున్నాయి. ముందు వాళ్ళను ఇంకొకరికింద కట్టాలి. తర్వాత అదే జారుతుంది."

"లేనివాడి ముడికి ఇన్ని మర్యాదలా?"

"వాడు లేడు గానీ, వాడి మాట మీద వచ్చినవాళ్ళున్నారు కదండీ."

చేసేది లేక నక్క బయల్దేరింది. దుప్పిని బతిమాలి కుందేలుకు జామీను ఇప్పించింది. గాడిద మీద గౌరవంతో ముంగిస బిగుసుకుంటే, గౌరవం దాహం తీర్చదని బెదిరించి అడవిపంది కింద కట్టించింది. తాబేలును ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. దానికి ఏ సంగతైనా మొదటినుంచీ చెప్పాలి, మధ్యలో నిద్రపోతే మళ్ళీ మొదలుపెట్టాలి.

తిరిగొచ్చి లాగితే ముడి కదిలింది గానీ ఊడలేదు. ఎండుటాకుల చాటున ఇంకొక సన్నని తీగ ముడి దానికి వేలాడుతోంది.

"ఇంకొకటుందండీ. ఎవరిదో చూసి చెప్పనా?"

"ఎవరిదైతే నాకేం? కాళ్ళరిగేలా తిరిగాను. ఆ దిక్కుమాలినవాడెవడో, వాడి జామీను వాడే వెతుక్కుంటాడు."

"కొరికితే మళ్ళీ అతకదండీ."

"నువ్వు గూళ్ళు అల్లుకో. పెద్దల పనుల్లోకి రాకు."

కటుక్కున కొరికింది. రెండు ముళ్ళూ కిందపడ్డాయి.

మర్నాడు తెల్లవారగానే నక్క చెలమ దగ్గరికి వెళితే, ఏనుగు తీగ చూసి, నీ ముడేదని అడిగింది. నక్క తీగంతా వెతికింది. లేదు. గిజిగాడు కిందపడ్డ సన్నతీగను ముక్కున కరచుకొచ్చి ముందు పెట్టింది.

"కరువు ఏడాది మీరు ఒంటరిగా వస్తే, మీకు జామీను ఉన్నది గాడిదే కదండీ."

పేష్కారు అయ్యాక నక్క, తనను ఏనుగుగారే పిలిపించారని అందరికీ చెప్పి చెప్పి, చివరికి తనే నమ్మేసింది. ఏరు దాటి తెప్ప తగలేసేవారుంటారు. తెప్ప ఎక్కిన సంగతే మరిచిపోవడం దానికే చెల్లింది.

పెద్దను కనుక నేను జామీను ఉండకూడదు, ఎవరినైనా అడుక్కో, అంది ఏనుగు. కుందేలు చెవులు వాల్చుకుంది. తాబేలు సంగతి మొదటినుంచీ చెప్పమంది. తమ వంతు కోసం నిలబడ్డ దుప్పీ పందీ వినపడనట్టు నేల వాసన చూశాయి.

"ఇక నీకు మిగిలింది గాడిదే," అంది ఏనుగు. "కానీ వాడి ముడి నువ్వే తెంపావు. ముందు వాడికెవరు జామీనో చూడు."

దుప్పీ పందీ ఒక్కసారే తలెత్తాయి. "గాడిదకైతే మేముంటాం."

తేట నీళ్ళు కళ్ళెదుటే ఉన్నా గుక్కెడైనా ముట్టకుండా, గాడిదను బతిమాలి తేవడానికి నక్క ఆ ఎండలో కొండ దారి పట్టింది.

దేన్నైనా తీసిపారేసే ముందు దాన్ని పట్టుకుని ఎవరు వేలాడుతున్నారో చూడాలి, ఆ వేలాడేవాళ్ళలో మనమూ ఉండవచ్చు.