మొర్రిపండ్ల కాపలా

నల్లమలలో ఒక లోయ నిండా ఒకప్పుడు మొర్రి చెట్లే ఉండేవి. గింజల్లోని సారపప్పు కోసం మనుషులు కొమ్మలతో సహా నరికి పట్టుకుపోగా, చివరికి ఒకే ఒక్క ముసలి చెట్టు మిగిలింది. అదీ పోతే ఇక మొర్రి అన్నదే ఉండదని జంతువులకు బెంగ పట్టుకుంది. ఇదే అదనని సింగన్న అనే నక్క చెట్టు రక్షణ సంఘం పెట్టి, తనకు తానే అధ్యక్షుడై, తానే చప్పట్లు కొట్టుకున్నాడు. పండు ఎవరూ ముట్టకూడదు, రాలినవన్నీ అధ్యక్షుడి బొరియకు చేర్చాలి, వానలు పడగానే ఆయనే స్వయంగా విత్తనాలు నాటుతాడు. ఇదీ తీర్మానం.

కాపలాకు సింగన్న ఏరికోరి గుబురయ్య అనే ఎలుగుబంటిని పెట్టాడు. తిండి కనబడితే గుబురయ్య ఏమైపోతాడో అడవంతా తెలుసు కాబట్టి అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. గుబురయ్యకు మాత్రం ఛాతీ ఉప్పొంగింది. ఊహ తెలిశాక తనను ఎవరైనా నమ్మడం అదే మొదటిసారి.

పాపం, ఎండాకాలమంతా గుటకలు మింగుతూ కాపలా కాశాడు. వాసన తగలకుండా ముక్కుకు బంకమట్టి మెత్తుకున్నాడు. సాయంత్రం కాగానే రాలిన పండ్లను మోదుగాకు దొప్పల్లో పెట్టి నక్క బొరియకు మోశాడు. ఒక్క మధ్యాహ్నం మాత్రం పెద్ద తుమ్ము వచ్చి మట్టి ఊడిపోయింది. ఆ తర్వాత ఏం జరిగిందో అతనికి సరిగ్గా గుర్తులేదు గానీ, పొట్ట మాత్రం నిండుగా ఉంది.

వానలు పడి నేల మెత్తబడ్డాక, విత్తనాలేవని అడగడానికి అందరూ చెట్టు కింద చేరారు. సింగన్న కళ్లు తుడుచుకుంటూ, తన బొరియకు ఒక్క పండూ రాలేదని, కాపలావాడే అన్నీ మింగేశాడని చెప్పాడు. వాణ్ణి అడవి నుంచి వెళ్లగొట్టాల్సిందేనన్నాడు.

ఆ లోయ తప్ప గుబురయ్యకు వేరే చోటు తెలియదు. అయినా అబద్ధం నోటికి రాలేదు.

"ఒక్కపూట తిన్నా, నిజమే. మిగతావన్నీ సింగన్న మామకే ఇచ్చినా," అన్నాడు.

"విన్నారుగా, వాడే ఒప్పుకున్నాడు. ఇంకా సాక్ష్యం కావాలంటే రండి, చూపిస్తా," అంటూ సింగన్న అందరినీ వాగు పక్క బండ వెనక్కి తీసుకుపోయాడు. పొద్దున్నే గుబురయ్య పోయి కూర్చునే చోటది. పాత పెంటలోంచి మొర్రి మొలకలు నాలుగైదు తలెత్తి చూస్తున్నాయి. గుబురయ్య సిగ్గుతో మొహం దాచుకున్నాడు.

"మొలకలు ఎక్కడుంటే అక్కడ కూర్చున్నోడే దొంగ. దీనికి తిరుగుందా?" అన్నాడు సింగన్న.

"లేదు నాయనా," అంది ఈదమ్మ. ఆమె ముళ్లపంది, అడవిలో అందరికంటే పెద్దావిడ. ఆ మాట అందరికీ సమ్మతమేనా అని కూడా అడిగింది. అందరూ తలలూపారు, సింగన్న మరీ గట్టిగా ఊపాడు.

"అయితే పదండి, అధ్యక్షుడి బొరియ వెనక కూడా చూసొద్దాం," అంది ఈదమ్మ.

సింగన్నకు ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చింది. సమావేశం వాయిదా వేశానన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. బొరియ వెనక కాలు పెట్టే సందు లేకుండా, వరి నారుమడిలా మొర్రి మొలకలే. అవి గాలికి కొట్టుకొచ్చాయని సింగన్న అంటుంటే కుందేళ్లు పొట్టలు పట్టుకుని దొర్లాయి. గుబురయ్య మాత్రం ఇక లోయ విడిచి పోనక్కర్లేదని వెక్కివెక్కి ఏడ్చాడు.

నవ్వులు తగ్గాక ఈదమ్మ కొత్త తీర్మానం చెప్పింది. కడుపులోంచి పోయిన గింజ ఇంత బాగా మొలుస్తోంది కాబట్టి, వచ్చే ఏడు అందరూ పండ్లు తినాలి, తిన్నవాళ్లు తలో కొండకు పోయి కూర్చోవాలి. తర్వాత ఆమె నక్క వైపు తిరిగింది.

"ఇక్కడే ఉంటే ఈ మొలకలు ఒకదాన్నొకటి తొక్కుకుని చస్తాయి. నాటతానని మాటిచ్చినావు గదా, నాటు."

ఆ వానాకాలమంతా సింగన్న తన పెంటలోని మొలకలను ఒక్కోటీ నోట కరుచుకుని, ముక్కు మూసుకునే వీలు లేక, లోయంతా తిరిగి నాటాడు.

చెట్టును కాపాడతానంటూ పండ్లన్నీ తన గడపకే చేర్చమనేవాణ్ణి నమ్మకండి.